మూపు మీద చెయ్యి

నీకు పదిహేనేళ్ళు. వేసవి సెలవులు ఇప్పుడే ఇచ్చారు. ఇంకా చీకటి ఉండగానే నాన్న లేపాడు. పికప్ ట్రక్కుకు పశువుల ట్రెయిలర్ తగిలించి టెక్సస్‌లో బయల్దేరారు. రెడ్ రివర్ వంతెన దాటి ఓక్లహోమాలోకి వచ్చేసరికి తూర్పు తెల్లబడింది. పాల్స్ వ్యాలీ ఊరి బయట, ఎత్తైన ఇనుప కంచెల పక్కన బండి ఆగింది. తలుపు తియ్యగానే ముందు తగిలింది వాసన: ఎండుగడ్డి, లద్ది, రాత్రి చెమ్మకు తడిసిన దుమ్ము. దిగి, ఎప్పటిలాగే తలుపు ధడాలున వేశావు. కంచె అవతల వందల గిట్టలు ఒక్కసారి పక్కకు జరిగిన చప్పుడు. సకిలింపు లేదు, గురక లేదు. ఆ చప్పుడొక్కటే.

"మెల్లగా," అన్నాడు అన్నయ్య. ఇకనుంచి మీ ఇంట్లో అందరూ తలుపులు మెల్లగానే వేస్తారు.

కంచె అవతల ఉన్నవి మస్టాంగులు. అమెరికా పడమటి రాష్ట్రాల బీళ్ళలో పుట్టి, ఏ మనిషి చెయ్యీ పడకుండా పెరిగిన అడవి గుర్రాలు. వీటి బాధ్యత బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే కేంద్ర ప్రభుత్వ శాఖది. ఇక్కడ ఎవరి నోటైనా అది బీఎల్ఎం. బల్ల దగ్గర నాన్న సంతకాలు పెడుతున్నాడు. నీకు పద్దెనిమిది నిండలేదు కనక దత్తత కాగితాలు ఆయన పేరు మీదే. కంచె ఎత్తెంత? మచ్చిక కాని పెద్ద గుర్రానికైతే ఆరడుగులు ఉండాలి, ఏడాది పిల్లకు ఐదు చాలు. జాగా ఎంత? ఒక్కో గుర్రానికి కనీసం నాలుగు వందల చదరపు అడుగులు. ట్రెయిలర్‌కు పైకప్పు ఉందా? ఉంది. అన్నయ్యకు పందొమ్మిదేళ్ళు, అతని కాగితాలు వేరు. అతను పెద్దల విభాగంలో ఉన్నాడు.

మీరు చేరిన పోటీ పేరు ఎక్స్‌ట్రీమ్ మస్టాంగ్ మేకోవర్. మస్టాంగ్ హెరిటేజ్ ఫౌండేషన్ దీన్ని 2007లో ఫోర్ట్‌వర్త్‌లో మొదలుపెట్టింది. లెక్క చాలా సాదాగా ఉంటుంది. ఏ గుర్రం వస్తుందో నీ చేతిలో లేదు, వాళ్ళు ఏది కేటాయిస్తే అదే నీది. సుమారు వంద రోజులు గడువు. ఆ తర్వాత జనం ముందు నిలబడాలి. పెద్దలు తమ గుర్రాలకు జీను వేసి ఎక్కుతారు. ఎనిమిది నుంచి పదిహేడేళ్ళ వయసు పిల్లలకు ఏడాది వయసు గుర్రప్పిల్లలను ఇస్తారు. వాటిని ఎక్కకూడదు, పగ్గం పట్టి నడిపించాలి. ఏడాది పిల్ల ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి, వీపు మనిషి బరువుకు సిద్ధం కాదు. కనక నీకూ దానికీ మధ్య ఉండేదల్లా ఒక తాడు, నీ ఒంటి కదలిక. నన్నడిగితే పెద్దల పని కన్నా ఇదే కష్టం. జీను మీద కూర్చున్నవాడికి కాళ్ళున్నాయి, బరువుంది. నేల మీద నిలబడ్డ పిల్లకు ఓపిక తప్ప మరేమీ లేదు.

నీ నంబరు పిలిచారు. సన్నటి ఇనుప దారిలోకి ఒక పిల్ల వచ్చింది. ముదురు గోధుమరంగు, దాదాపు నలుపు. కళ్ళ చుట్టూ మాత్రం బూడిద జల్లినట్టు తెల్ల వెంట్రుకలు మొలుస్తున్నాయి. బూడిదరంగు గుర్రాలు పుట్టుకతో ముదురుగా ఉండి ఏటేటా తెల్లబడతాయి, ఆ తెలుపు తరచు ముఖం మీద ముందు కనిపిస్తుంది. మెడలో తాడుకు వేలాడే బిళ్ళ. ఎడమ పక్క జూలు కింద కోణాలు కోణాలుగా తెల్లటి గుర్తులు. సున్నాకు దిగువన 196 డిగ్రీల సెల్సియస్ చల్లదనం ఉండే ద్రవ నైట్రోజన్‌లో ముంచిన ఇనుముతో వేస్తారు వాటిని. ఆ చలికి చర్మంలో రంగునిచ్చే కణాలు చచ్చిపోయి, అక్కడ మొలిచే వెంట్రుక తెల్లగా వస్తుంది. ముందు ప్రభుత్వ గుర్తు, తర్వాత పుట్టిన ఏడు, ఆపైన ఆరంకెల నంబరు. ఒక్కో కోణం ఒక్కో అంకె.

పక్క గోడలు దగ్గరికి జరిగి పిల్ల కదలకుండా ఆగింది. ఉద్యోగి పైనుంచి వంగి తలకు హాల్టర్ తొడిగి, దాని కొసకు పగ్గం కట్టాడు. పిల్ల అరవలేదు. కళ్ళు పూర్తిగా తెరిచి, ఊపిరి బిగబట్టింది. గేటు తెరవగానే ఒక్క దూకుతో మీ ట్రెయిలర్‌లో పడింది. రేకు గోడలు మోగాయి. కంటి పక్క తెల్లమచ్చ ఐదు సెంట్ల బిళ్ళంత ఉందని అన్నయ్య అక్కడికక్కడే దానికి 'నికెల్' అని పేరు పెట్టాడు. తన గుర్రానికి మాత్రం పెట్టలేదు. నీ పిల్ల మీ ఇంట్లో ఉండిపోతుంది. అతనిది పోటీ చివర వేలంలో పోతుంది.

తిరుగు దారిలో అద్దంలోంచి ట్రెయిలర్‌నే చూస్తూ కూర్చుంటావు. ఈ దృశ్యానికి ముందు ఇంకో దృశ్యం ఉంది, అది నీకు తెలియాలి. 1950లో నెవాడా రాష్ట్రం రీనో పట్టణం దగ్గర వెల్మా జాన్‌స్టన్ అనే ఆవిడ ఉద్యోగానికి వెళ్తూ ఇలాగే ముందు వెళ్తున్న పశువుల ట్రక్కును చూసింది. దాని అడుగునుంచి నెత్తురు కారుతోంది. వెంబడించింది. లోపల కబేళాకు వెళ్తున్న అడవి గుర్రాలు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒళ్ళు వంకర తిరిగిన మనిషి, ఒక ఆఫీసులో సెక్రటరీ. ఆ రోజునుంచి ఆవిడ వెనక్కి తగ్గలేదు. 'వైల్డ్ హార్స్ ఆనీ' అని ఎగతాళిగా పిలిచారు, ఆ పేరునే ఆవిడ పెట్టేసుకుంది. విమానాలతో, మోటారు బండ్లతో అడవి గుర్రాలను వేటాడకూడదని 1959లో ఒక చట్టం తెచ్చింది. అది చాలలేదు. అప్పుడు బడిపిల్లల దగ్గరికి వెళ్ళింది. దేశం నలుమూలలనుంచి పిల్లలు కాంగ్రెసు సభ్యులకు ఉత్తరాలు రాశారు, మూటలు మూటలుగా. 1971లో అడవి గుర్రాలను, గాడిదలను కాపాడే చట్టం ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా నెగ్గింది. డిసెంబరు 15న అధ్యక్షుడు నిక్సన్ సంతకం పెట్టాడు. నీ వయసు పిల్లలు రాసిన ఉత్తరాల వల్లే నీ వెనక ట్రెయిలర్‌లో ఆ గుర్రం బతికి ఉంది.

నికెల్ పుట్టింది నెవాడాలోనే, టోనోపా ఊరికి తూర్పున ఉన్న స్టోన్ క్యాబిన్ లోయలో. ఆ లోయ బూడిదరంగు గుర్రాలకు పేరు. 1971 చట్టం తర్వాత బీఎల్ఎం తొలిసారి గుర్రాలను పట్టింది కూడా అక్కడే, 1975లో. ఇప్పుడు పట్టే పద్ధతి చూడడానికి గుండె దిటవు కావాలి. హెలికాప్టర్ తక్కువ ఎత్తులో ఎగురుతూ మందను తరుముతుంది. గోనెపట్టా కట్టిన రెండు కంచె రెక్కలు దగ్గరవుతూ వచ్చే చోట, బాగా మచ్చికైన గుర్రాన్ని ఒకదాన్ని వదులుతారు. అది దారి తెలిసినదిలా ముందు పరుగెడుతుంది, మంద దాని వెనకే వెళ్ళి బోనులో పడుతుంది. తర్వాత వాటిని వేరు చేస్తారు, మగవి ఒక పక్క, తల్లులు ఒక పక్క.

ఇది తప్పని కొందరు, తప్పదని కొందరు. 2024 మార్చి నాటికి ఆ బీళ్ళలో 73 వేలకు పైగా గుర్రాలు, గాడిదలు ఉన్నాయని బీఎల్ఎం అంచనా; ఆ నేల మొయ్యగలదని అదే శాఖ వేసుకున్న లెక్క 26 వేల లోపు. నీళ్ళు ఇంకిపోయిన ఏడు ఆ తేడా ఎముకల్లో కనిపిస్తుంది. పట్టి తెచ్చినవి ఇంకో అరవై వేలకు పైగా కంచెల మధ్య మేత తింటున్నాయి, ఈ కార్యక్రమానికి కేటాయించే డబ్బులో సగానికి మించి వాటి పోషణకే పోతోంది. గర్భం రాకుండా దూరంనుంచి సూదిమందు కొట్టే పద్ధతిని ఇంకా విస్తారంగా వాడాలని నేను గట్టిగా నమ్ముతాను. కానీ అది రేపు పుట్టబోయే పిల్లల సంగతి. ఈవేళ పట్టుబడి ఉన్నదానికి ఒక ఇల్లు కావాలి. మనిషి దగ్గరికి రానివ్వని గుర్రాన్ని ఎవరు తీసుకెళ్తారు?

ఇల్లొచ్చింది. ట్రెయిలర్ వెనక్కి తోలి గుండ్రటి కంచెలోకి తలుపు తెరిచారు. నికెల్ దిగి, కంచె వెంబడి చుట్లు తిరిగి, మీ అందరికీ అత్యంత దూరంలో ఆగింది. హాల్టర్‌నుంచి పగ్గం నేల మీద ఈడుస్తోంది.

ఆ సాయంత్రం నువ్వు బకెట్‌తో నీళ్ళు, బెర్ముడా గడ్డి పెట్టి, ఒక క్యారెట్ కూడా వేశావు. గడ్డి తింది. క్యారెట్‌ను వాసన చూసి వదిలేసింది. అది తినే వస్తువని దానికి తెలీదు. స్టోన్ క్యాబిన్‌లో సేజ్ పొదలున్నాయి, ఎండిన పచ్చికుంది, క్యారెట్లు లేవు. మర్నాడు తెల్లవారుజామున బకెట్ బోర్లించుకుని కంచె లోపల కూర్చున్నావు, చేతిలో బడివాళ్ళు సెలవుల్లో చదవమన్న నవల. పైకి చదవడం మొదలుపెట్టావు. నీ గొంతు దానికి అలవాటు కావాలి, అంతే. టెక్సస్ వేసవిలో పది దాటితే ఎండ నెత్తి మీద కొట్టినట్టుంటుంది, నలభై డిగ్రీలకు చేరే రోజులూ ఉంటాయి. అందుకని ఆరింటికి ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. దోమలు. చెమట. ఒక అధ్యాయం. దాని చెవి ఒకటి నీ వైపు తిరిగింది, ఒళ్ళు తిరగలేదు.

గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. మెడ కదపకుండానే దాదాపు తన చుట్టూ ఉన్నదంతా చూస్తుంది. కనపడనివి రెండే చోట్లు: సరిగ్గా నుదుటికి ఎదురుగా కొంత మేర, సరిగ్గా తోక వెనక. కనక ఎదురుగా రాకు, వెనకనుంచి రాకు. భుజం వైపు, ఏటవాలుగా, చూపు నేల మీద పెట్టి వెళ్ళు.

ఒక అడుగు. దాని తల పైకి లేచింది. ఆగు. ఇంకో అడుగు. ముక్కుపుటాలు గుండ్రంగా తెరుచుకున్నాయి. ఇంకొక్క అడుగు వేస్తే పరుగెడుతుందని నీకు తెలిసిపోతుంది. ఎలా తెలిసిందో చెప్పలేవు. ఆగు. నిలబడి ఉండు. దాని కన్ను నీ వైపు వచ్చింది. ఇదిగో, సరిగ్గా ఈ క్షణంలో వెనక్కి తిరిగి నడిచి వెళ్ళిపో.

వెళ్ళిపోవడమే పాఠం. మనిషి వైపు చూస్తే చాలు, వాడు తన దారిన తాను పోతాడు, పరుగెత్తక్కర్లేదు అని అది తెలుసుకుంటుంది. గుర్రానికి ఏ సంగతైనా తాడు బిగించినప్పుడు అర్థం కాదు, వదిలినప్పుడు అర్థమవుతుంది. ఆ వదలడం అర క్షణం ఆలస్యమైతే అప్పటికే తల తిప్పేసుకుంటుంది, అప్పుడు తల తిప్పడమే సరైన జవాబు అనుకుంటుంది. ఒకప్పుడు ఈ పనిని ఇంగ్లీషులో 'విరగ్గొట్టడం' అనే వాళ్ళు, చేసేదీ అదే: కట్టేసి, కళ్ళకు గంతలు కట్టి, జీను బిగించి, అలిసి నిలబడేదాకా ఎగరనివ్వడం. టామ్ డొరాన్స్, రే హంట్ లాంటి కౌబాయ్‌లు గత శతాబ్దం ద్వితీయార్ధంలో దాన్ని తిరగేసి, గుర్రం వైపునుంచి ఆలోచించడం నేర్పారు. మన పల్లెల్లో కోడెను కాడికి మరిపేటప్పుడు పక్కన పాత ఎద్దును కట్టి, అరుపుల్లేకుండా ఖాళీ బండితో తిప్పే రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత వెదురు గడ. పొడవాటిది. నువ్వు ఒక కొసన, నికెల్ మూపు ఇంకో కొసన. మొదటిసారి గడ తగలగానే చర్మం ఈగ వాలినట్టు వణికింది, రెండు చుట్లు పరుగెత్తింది. మళ్ళీ. మళ్ళీ. మూపు మీదే ఎందుకంటే, గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది ఎక్కువగా అక్కడే. ఫ్రాన్సులో కమార్గ్ గుర్రాల మీద చేసి 1993లో ప్రచురించిన పరిశోధనలో, ఆ చోట మనిషి గోకినా గుర్రం గుండె వేగం తగ్గిందని తేలింది. రోజురోజుకూ గడ మీద నీ పిడికిలి కొంచెం ముందుకు జరుగుతుంది. అలా జరిగి జరిగి ఒక పొద్దుటి పూట గడ అయిపోయి, నీ వేళ్ళు దాని వెంట్రుకల్లో ఉన్నాయి.

వెంట్రుకలు అనుకున్నంత మెత్తగా లేవు. దుమ్ము, ఉప్పు, కింద వేడి చర్మం. గోకావు. పై పెదవి ముందుకు సాగి, వంకర తిరిగి, గాలిలో కదులుతోంది. దాన్ని చూసి నీకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి, రెండూ ఆపుకున్నావు. కంచె అవతల నాన్న చేతిలో కాఫీ కప్పు అలాగే ఉంది.

ఎడమ పక్క అయింది, ఇప్పుడు కుడి పక్క. అక్కడ నువ్వు మళ్ళీ కొత్త మనిషివి. ఎడమ కంటితో చూసి ఒప్పుకున్నదాన్ని కుడి కన్ను మళ్ళీ మొదటినుంచి అడుగుతుందని శిక్షకులందరూ చెప్పే మాట. గడతోనే మొదలు.

జులైలో ఒక రాత్రి ఉరుములు. తెల్లారి వెళ్తే నికెల్ కంచెకు ఆనుకుని ఉంది, నువ్వు దగ్గరికి రాగానే వెళ్ళిపోయింది, పోయిన నెలలోలాగా. నీకు కడుపులో మంట. ఇన్నాళ్ళ పనీ గాలికి పోయిందనిపించి గట్టిగా పగ్గం అందుకోబోయావు. "ఈ పూటకి చాలు, రా," అన్నాడు నాన్న. కోపంలో ఉన్న చెయ్యి దాని ఒంటి మీద పడకూడదు. నువ్వు బయటికి వచ్చేశావు. సాయంత్రం వెళ్ళి బకెట్ బోర్లించి నవల తెరిచావు. అది ఎప్పటి చోటుకే వచ్చి నిలబడింది. ఏదీ గాలికి పోలేదు.

అసలు కష్టం గిట్టలు. గుర్రానికి ఉన్న రక్షణ పరుగు ఒక్కటే. కాలెత్తి నీ చేతిలో పెట్టడమంటే ఆ పరుగును నీకు అప్పగించడం. భుజంనుంచి కింది దాకా నిమురుతూ వెళ్ళి, మోకాలి వెనక ఆగి, మళ్ళీ పైకి. బరువు పక్క కాలి మీదికి మార్చిందా? చాలు, వదిలెయ్. రేపు మడమ ఒక అంగుళం లేస్తుంది. చాలు, వదిలెయ్. వెనక కాళ్ళకైతే ముందు మెత్తటి తాడు, చెయ్యి తర్వాత. గిట్ట అడుగున ఇరుక్కున్న మట్టిని ఇనుప కొక్కెంతో గీకి తీస్తుంటే నీ నడుం పట్టేస్తుంది, అది మాత్రం కళ్ళు సగం మూసుకుని నిలబడింది. చూసేవాళ్ళకు ఇందులో విశేషమేమీ ఉండదు. కానీ గిట్ట ఎత్తనివ్వని గుర్రానికి గిట్టలు చెక్కేవాడు దొరకడు. ట్రెయిలర్ ఎక్కని గుర్రాన్ని జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేరు. అలాంటివి ఒక చేతినుంచి ఇంకో చేతికి మారుతూ, చివరకు మాంసం కొనేవాడి దాకా వెళ్తాయి. అమెరికాలో గుర్రాల కబేళాలు 2007లో మూతపడ్డాయి. వాటిలో ఒకటి ఈ పోటీ మొదలైన ఫోర్ట్‌వర్త్‌లోనే ఉండేది, అదే ఏడు మూసేశారు. కానీ సరిహద్దులు దాటితే మెక్సికోలో, కెనడాలో ఉన్నాయి. అందుకే చెప్తున్నాను, నాలుగు గిట్టలూ ఎత్తడం నేర్చుకున్న గుర్రానికి నువ్వు ఇచ్చింది ఆయుష్షు.

ఆగస్టుకు బడి తెరిచారు. ఇప్పుడు పొద్దున ఐదింటికే లేస్తున్నావు. నీలం టార్పాలిన్ నేల మీద పరిచి దాని మీద నడిపించావు: మొదట దూకి దాటింది, తర్వాత వాసన చూసింది, తర్వాత ఒక గిట్టతో గీరింది, తర్వాత దాని మీదే నిలబడి తోక ఊపుతోంది. గొడుగు తెరిచావు, మూశావు. చెక్క వంతెన, వరసగా పెట్టిన దుంగలు, గేటు తీసి లోపలికి నడిచి మూసుకోవడం. వెనక్కి నడవడం. పక్కింటి పిల్లలు కంచె చుట్టూ చేరి చప్పట్లు కొడతారు, నువ్వే రమ్మన్నావు. పోటీలో చప్పట్లు ఉంటాయి మరి. క్యారెట్ ఇప్పుడు జేబులోంచి లాక్కుంటుంది.

పక్క కంచెలో అన్నయ్య పనంతా వేరే. అతని గుర్రం పెద్దది, ఎర్రగోధుమరంగు, వయసొచ్చాక పట్టుబడింది. దానికి గతం ఎక్కువ. జీను వేసిన కొత్తల్లో రెండుసార్లు పడేసింది. అతను లేచి, ప్యాంటు దులుపుకుని, కోప్పడకుండా మళ్ళీ నేల మీది పాఠాల దగ్గరికి వెళ్ళాడు. తర్వాత్తర్వాత పొద్దుగూకే వేళ ఇద్దరూ పొలం గట్టు వెంట వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాళ్ళు. ఎక్కడిదాకా వెళ్ళావని అమ్మ అడిగితే చెప్పడు. వేలం సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

సెప్టెంబరు. ఫోర్ట్‌వర్త్. డాలస్‌లో చుట్టాలున్న తెలుగువాళ్ళు ఈ ఊరి స్టాక్‌యార్డ్స్‌లో లాంగ్‌హార్న్ ఎద్దుల ఊరేగింపు చూసే ఉంటారు. అక్కడినుంచి కొద్ది మైళ్ళలో విల్ రోజర్స్ కొలీజియం, 1936లో కట్టింది. లోపల చల్లగా, మెత్తటి మన్ను దున్ని చదును చేసి ఉంది. చుట్టూ మెట్ల వరసల్లో జనం. వేసవి మొదట్లో తలుపు చప్పుడుకు బెదిరిన పిల్ల ఇప్పుడు మైకులో పేర్లు పిలుస్తుంటే నీ భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది.

మొదటి అంశం హ్యాండ్లింగ్ అండ్ కండిషనింగ్. హాల్టర్ విప్పి మళ్ళీ తొడగాలి, నాలుగు కాళ్ళూ ఎత్తి చూపాలి, ట్రెయిలర్ ఎక్కించి దింపాలి. పిల్ల ఒంటి పుష్టిని కూడా చూస్తారు. డాన్ హెన్నెకే అనే ఆయన టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో రూపొందించిన, 1983 నాటి కొలత ఒకటుంది: ఒకటంటే ఎముకల గూడు, తొమ్మిదంటే అతి కొవ్వు, మధ్యలో ఐదు మంచిది. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేతికి తగలాలి. ఈ అంశానికి జనం ఫోన్లు చూసుకుంటారు. నాకు మాత్రం పోటీ మొత్తంలో ఇదే ముఖ్యం. జడ్జి దగ్గరికి వచ్చి నికెల్ కుడి వెనక కాలు వైపు చూపించాడు. నువ్వు వంగావు. నీ చెయ్యి మోకాలి దగ్గరికి చేరకముందే అది కాలెత్తింది.

రెండోది అడ్డంకుల దారి. వంతెన దగ్గర ఒక్క క్షణం ఆగింది. నువ్వు లాగలేదు. ఆగనిచ్చావు. వాసన చూసి ఎక్కింది.

శనివారం రాత్రి ఫ్రీస్టయిల్, అప్పుడు మెట్లన్నీ నిండాయి. సంగీతం, వేషాలు, రంగు లైట్లు. తొమ్మిదేళ్ళ కుర్రాడొకడు వ్యోమగామి దుస్తుల్లో వచ్చాడు, వాడి పిల్లకు వెండి రేకు దుప్పటి. ఇంకో అమ్మాయి తన గుర్రప్పిల్లను పడుకోబెట్టి దాని పక్కన కూర్చుంది. నువ్వు బల్ల, కుర్చీ, లైబ్రరీ దీపం పెట్టుకుని వచ్చావు. కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచావు. పగ్గం తీసేశావు. నికెల్ రంగమంతా ఒకసారి చూసి, నీ కుర్చీ వెనకకు నడిచి వచ్చి, పుస్తకం మీదికి తల వంచింది. జనం లేచి నిలబడ్డారు. అది చెవులు తిప్పింది, కదల్లేదు. నీకు వచ్చింది ఆరో స్థానం. గెలిచిన అమ్మాయి పిల్ల పడుకోవడం నిజంగానే అద్భుతం, ఒప్పుకోవాలి.

తర్వాత వేలం. పెద్దల విభాగం గుర్రాలు ఒక్కొక్కటే వస్తున్నాయి, వేలం పాడే ఆయన మాటలు ఊపిరి సందు లేకుండా పరుగెడుతున్నాయి, మెట్ల మధ్య తిరిగే మనుషులు ఎవరైనా చెయ్యెత్తగానే కేక పెడుతున్నారు. అన్నయ్య తన గుర్రం మీదే కూర్చుని లోపలికి వచ్చాడు. నెమ్మదిగా ఒక చుట్టు, ఆగి వెనక్కి నాలుగడుగులు. పాట మొదలైంది. జీను మీదనుంచే చెయ్యెత్తాడు. తన గుర్రాన్ని తానే పాడుకోవడం ఇక్కడ తప్పు కాదు. వేసవంతా పక్క ఊళ్ళో గడ్డి మోపులు ఎత్తి కూడబెట్టిన డబ్బు అతని దగ్గర ఎంతుందో నీకు తెలుసు. పాట దాన్ని దాటింది. నాన్న వైపు చూశావు. నాన్న కూడా చెయ్యెత్తాడు, ఒకసారి, ఇంకోసారి. మూడోసారి ఎత్తలేదు. నాలుగో వరసలో కూర్చున్న తెల్లజుట్టు పెద్దావిడ పాడుకుంది.

వెనక లాయాల దగ్గర ఆవిడే వచ్చింది. పాత బూట్లు, అరిచేతుల నిండా కాయలు. గుర్రానికి చెయ్యి ఇచ్చి వాసన చూడనిచ్చింది, తొందరపడలేదు. "మనవడి కోసం కాదు, నాకే," అంది. "ఏం తెలుసుకోవాలో చెప్పు బాబూ."

అన్నయ్య గొంతు సరిచేసుకున్నాడు. "నాలుగు కాళ్ళూ ఎత్తుతాడమ్మా. ట్రెయిలర్ ఎక్కుతాడు, కానీ చీకట్లో కాదు, లోపల దీపం వెయ్యండి. ఎడమ పక్కనుంచే ఎక్కండి, కుడి పక్క ఇంకా పూర్తిగా నేర్పలేదు. టోపీ తియ్యాలంటే మెల్లగా తియ్యండి. కాలవ నీళ్ళలోకి దిగుతాడు, తాడు కింద పడితే ఆగుతాడు. అలిసినప్పుడు మూపు గోకండి, ఇక్కడ, జూలు అయిపోయే చోట. పొద్దున మొదటి పది నిమిషాలు బిగుసుకుని ఉంటాడు, అప్పుడు ఏమీ అడక్కండి, ఊరికే నడిపించండి."

ఆవిడ చొక్కా జేబులో కళ్ళజోడు వెతుక్కుంది. దాణా బిల్లు వెనక్కి తిప్పి నీ చేతిలో పెన్ను తీసుకుంది.

"కాళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ చెప్పు," అంది. "మెల్లగా."